పాల రవాణా: ఏ దూరానికి ఏ వాహనం?

సంఘాల సర్వసభ్య సమావేశాలలో ఏటా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. "పట్నంలో ప్యాకెట్ పాల ధర అంత, మా చేతికి వచ్చేది ఇంత. మధ్యలో ఉన్నది ఎటు పోతున్నది?" అని సభ్యులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆ మధ్యలో శీతలీకరణ, పాశ్చరీకరణ, ప్యాకింగ్, అమ్మకందారు కమీషన్ మొదలైన ఖర్చులు ఉన్నాయి. వీటిలో చాలా భాగం డెయిరీ గేటు దాటిన తరువాత జరిగేవి. కాని రవాణా ఖర్చు అలాంటిది కాదు. అది పాల కేంద్రం గుమ్మం దగ్గరే మొదలవుతుంది. దానిని తగ్గించడంలోనూ, పెంచడంలోనూ ప్రతి సంఘానికీ చేయి ఉన్నది. అందుచేత పాలను ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చే పద్ధతులను ఈ సంచికలో పక్కపక్కన పెట్టి చూద్దాము.

ముందుగా ఒక మాట. ఏ వాహనమూ తనంతట తాను చౌక కాదు, ఖరీదూ కాదు. వాహనానికి మనం కిరాయి ఇచ్చేది అది తిరిగిన కిలోమీటర్లకు. మనకు డబ్బు వచ్చేది మంచి స్థితిలో చేరిన లీటర్లకు. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే అసలు లెక్క తేలుతుంది.

పాలు ఎటువంటి సరుకు?

వడ్లు, పత్తి, మిరప వంటి పంటలకు ధర లేకపోతే కొన్నాళ్ళు గిడ్డంగిలో ఉంచవచ్చు. లారీ ఈ రోజు రాకపోతే రేపు ఎత్తించవచ్చు. పాలకు ఆ వీలు లేదు. రోజుకు రెండు పూటలా, సంవత్సరంలో 365 రోజులూ వస్తాయి. అవి కూడా ఒక చోట రాశిగా కాక, ఇంటికి రెండు లీటర్లు, అయిదు లీటర్ల చొప్పున వస్తాయి.

రెండవది బరువు. వంద కిలోల ఆవు పాలలో సుమారు 87 కిలోలు నీరే. గేదె పాలలో కూడా 83 కిలోల వరకు నీరు ఉంటుంది. అంటే పాల రవాణా అంటే చాలావరకు నీటి రవాణాయే.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది, కాలం. పొదుగు నుండి వచ్చేటప్పుడు పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. ఆ వెచ్చదనం సూక్ష్మజీవులకు ఎంతో అనుకూలం. అప్పుడే పితికిన పాలలో స్వతహాగా కొంత రక్షణ శక్తి ఉన్నా, అది కొద్ది గంటలే. అరగంటకు ఒకసారి రెట్టింపయ్యే సూక్ష్మజీవి నాలుగు గంటలలో 256 రెట్లు అవుతుంది. అదే పాలను 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ఈ పెరుగుదల చాలావరకు ఆగిపోతుంది. కాబట్టి పాల ప్రయాణాన్ని రెండు భాగాలుగా చూడాలి. చల్లబరచక ముందు ప్రయాణాన్ని గంటలతో కొలవాలి. చల్లబరచిన తరువాత ప్రయాణాన్ని రూపాయలతో కొలవవచ్చు.

ఇంటి నుండి కేంద్రానికి

మొదటి మజిలీ చిన్నది. ఎక్కువ మంది నడిచే తెస్తారు. దూరంగా ఉన్న దొడ్ల నుండి, పొలాల దగ్గరి పాకల నుండి సైకిలు మీద, మోపెడ్ మీద తెస్తారు. లంక గ్రామాల వారికి పడవ దాటించవలసి ఉంటుంది. ఒకప్పుడు ఎడ్లబండి మీద క్యాన్లు వెళ్ళేవి. జత ఎడ్లు ఒక టన్ను బరువును తేలికగా లాగుతాయి. కాని నడక వేగం గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. ధాన్యానికి, ఎరువుకు, గడ్డికి ఆ వేగం సరిపోయింది. పాలకు మాత్రం పది కిలోమీటర్లు పోయేసరికి మూడు గంటలు ఖర్చయ్యేవి. కిరాయి తక్కువే అయినా పాలు నిలవలేదు.

సైకిలు, మోపెడ్‌లకు ఉన్న మేలు ఏమిటంటే, కొద్ది పాలు ఉన్నా వాటికి నష్టం లేదు. పది లీటర్ల కోసం కూడా బయలుదేరవచ్చు. మూడు నాలుగు కిలోమీటర్ల లోపు దూరానికి, ఇరుకు దారులకు వాటిని మించినవి లేవు. అయితే మోపెడ్ మీద రెండు క్యాన్లకు మించి కట్టడం మనిషికీ ప్రమాదమే, పాలకూ ప్రమాదమే. 40 లీటర్ల పాలు 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు దానికి అదనం.

క్యాన్ల రూటు వాహనం

రెండవ మజిలీ కేంద్రం నుండి శీతలీకరణ కేంద్రానికి. ఇక్కడే ఎక్కువ సంఘాలకు తెలియకుండా డబ్బు జారిపోతున్నది. ఒక ఉదాహరణ చూద్దాము. ఈ అంకెలు లెక్క సులభంగా ఉండటానికి మేము అనుకున్నవి. ప్రతి సంఘమూ వీటి స్థానంలో తన రూటు అంకెలు వేసుకోవాలి.

ఒక రూటు రాను పోను 60 కిలోమీటర్లు. వాహనానికి పూటకు 1,500 రూపాయల కిరాయి. 30 క్యాన్లు నిండుగా వెళితే 1,200 లీటర్లు, లీటరుకు రూపాయి పావలా పడుతుంది. అదే వాహనంలో 15 క్యాన్లే వెళితే 600 లీటర్లు, లీటరుకు రెండున్నర రూపాయలు. డీజిల్ దాదాపు అంతే కాలుతుంది, డ్రైవరు అంతే సేపు కూర్చుంటాడు. పూటకు అయిదు లీటర్లు పోసే సభ్యునికి ఈ తేడా రోజుకు పన్నెండున్నర రూపాయలు, నెలకు 375 రూపాయలు. సగం ఖాళీగా తిరిగే బండికి సభ్యుడు చెల్లిస్తున్న మూల్యం ఇది.

ఇక క్యాన్లు సగం నింపి పంపడం మరొక నష్టం. ఖాళీ క్యానే సుమారు ఎనిమిది కిలోలు ఉంటుంది. 30 క్యాన్లంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ 240 కిలోల లోహాన్ని మోస్తున్నాము. పైగా సగం నిండిన క్యానులో పాలు దారి పొడవునా కుదుపుకు చిలుకుపడతాయి. మూతకు, అంచులకు వెన్న అంటుకుంటుంది. ఆ వెన్న మన పరీక్షలో లెక్కకు వచ్చి, డెయిరీ పరీక్షలో లెక్కకు రాకుండా పోతుంది. వెన్న శాతంలో తేడా వచ్చిందని వాదులాడుకొనే సంఘాలు మొదట చూడవలసినది క్యాన్లు నిండుగా వెళ్ళాయా లేదా అన్నది.

మరి రెండు క్యాన్ల ఊరి కోసం రూటును తిప్పవచ్చునా? పై ఉదాహరణలో కిలోమీటరుకు 25 రూపాయలు పడుతున్నది. ఆరు కిలోమీటర్ల చుట్టు తిరుగుడుకు 150 రూపాయలు. 80 లీటర్ల మీద లీటరుకు దాదాపు 1 రూపాయి 90 పైసలు. ఇది పైకి కనిపించే ఖర్చు. కనిపించనిది ఏమిటంటే, అప్పటికే ఎక్కించిన ఇరవై క్యాన్లు ఇంకో ఇరవై నిమిషాలు ఎండలో ఉంటాయి. ఆ ఊరిని వదిలివేయమని మేము చెప్పడం లేదు. ఆ ఊరి సభ్యులు కూడా మన సభ్యులే. అక్కడి క్యాన్లను ఒక ట్రాలీ ఆటోలోనో, మోపెడ్ మీదనో రోడ్డు కూడలికి చేర్చి, పెద్ద బండి ఆగకుండా ఎత్తుకొనిపోయే ఏర్పాటు చేస్తే రెండు పక్షాలకూ మేలు. చిన్న బండి చిన్న పని చేయాలి, పెద్ద బండి తిన్నగా పోవాలి.

కిరాయి తగ్గించే తొందరలో పాత బండిని కుదుర్చుకొనే సంఘాలు కూడా ఉన్నాయి. బండి దారిలో ఆగి ఒక్క క్యాను విరిగినా, లీటరు 50 రూపాయల చొప్పున చూస్తే 2,000 రూపాయలు పోయినట్లే. అది పై ఉదాహరణలోని పూర్తి పూట కిరాయికన్న ఎక్కువ. వేసవిలో ఇటువంటి పూట నెలకు ఒక్కటి వచ్చినా, కిరాయిలో మిగిలింది అక్కడే పోతుంది. కాబట్టి కిరాయి ఒప్పందంలో రేటుతో పాటు రాక సమయం, పైకప్పు, మారు బండి షరతులు కూడా ఉండాలి.

బల్క్ కూలరు, ట్యాంకరు

పాలను దూరం తీసుకొనిపోయి చల్లబరచడానికి బదులు, చల్లదనాన్నే ఊరికి తేవడం బల్క్ కూలరు పద్ధతి. ఊరిలోనో, నాలుగైదు ఊళ్ళకు మధ్యనో కూలరు పెట్టి, పాలు వచ్చిన కొద్ది సేపటికే 4 డిగ్రీలకు దించుతారు. ఆ తరువాత ఇన్సులేషన్ ఉన్న ట్యాంకరు వచ్చి ఎత్తుకొనిపోతుంది. నిండుగా ఉన్న మంచి ట్యాంకరులో చల్లని పాలు గంటల తరబడి ప్రయాణించినా వేడి ఒకటి రెండు డిగ్రీలకు మించి పెరగదు.

దీనివల్ల మూడు ప్రయోజనాలు ఉన్నాయి. సాయంత్రం పాలు తెల్లవారే వరకు నిలవ ఉంటాయి కనుక రెండు ట్రిప్పులకు బదులు ఒకటి చాలు. బండి సమయానికి రావడం లేదని సాయంత్రం పాలు సేకరించని ఊళ్ళలో ఆ పూట కూడా పోయవచ్చు. క్యాన్ల మోత, కడుగుడు తగ్గుతాయి.

ఖర్చు సంగతి. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దించడానికి సుమారు 15 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 120 రూపాయలు, లీటరుకు 12 పైసలు. యంత్రం మీద అప్పు వాయిదా, జనరేటరు డీజిల్, కూలరు చూసే మనిషి జీతం దీనికి కలపాలి. ఈ చివరి మూడూ కూలరులో పాలు ఎన్ని ఉన్నా ఒకటే. రెండు వేల లీటర్ల కూలరులో ఆరు వందల లీటర్లు పోస్తే, సగం ఖాళీ బండి కథే ఇక్కడా జరుగుతుంది. ట్యాంకరు కూడా అంతే. నూరు కిలోమీటర్ల రూటుకు 4,000 రూపాయల కిరాయి అనుకుందాము. 5,000 లీటర్లు ఎత్తితే లీటరుకు 80 పైసలు, 2,000 లీటర్లే ఎత్తితే రెండు రూపాయలు. అరకొరగా నిండిన ట్యాంకరులో పాలు అటూ ఇటూ ఊగి, మలుపులలో బండి బోల్తాపడే ప్రమాదం కూడా ఉంటుంది.

ఇక ఒక హెచ్చరిక. క్యాన్ల పద్ధతిలో ఒకరి పాలు చెడితే ఆ క్యాను ఒక్కటే తిరిగి వస్తుంది. కూలరులో ఒకరి పాలు చెడితే ఊరంతటి పాలు చెడతాయి. ట్యాంకరులో కలిస్తే నాలుగు ఊళ్ళ పాలు చెడతాయి. కాబట్టి కూలరు పెట్టుకున్న సంఘం కలపక ముందే పరీక్ష చేయడంలో మొహమాటపడరాదు. అనుమానం ఉన్న పాలను మరిగించి చూడాలి. విరిగితే అవి పాలక వర్గ సభ్యుని ఇంటి పాలైనా సరే, పక్కన పెట్టవలసిందే. ఆ ధైర్యం లేని చోట కూలరు లాభానికి బదులు పెద్ద నష్టం తెస్తుంది. కరెంటు కోత ఉన్న ఊరిలో జనరేటరు లేకుండా కూలరు పెట్టడం కూడా ఇటువంటిదే.

రైలు

దూరం వందల కిలోమీటర్లు దాటితే రైలు సంగతి వస్తుంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లేటప్పుడు కలిగే నిరోధం, రోడ్డు మీద రబ్బరు టైరు కన్న చాలా తక్కువ. అందుచేత ఒక టన్నును ఒక కిలోమీటరు లాగడానికి రైలుకు పట్టే ఇంధనం లారీ కంటే ఎంతో తక్కువ.

పాల రైలు కొత్తది కాదు. లండన్ నగరంలో 1865లో పశువులకు ముసర వ్యాధి సోకి, నగరం లోపలి కొట్టాలలో మేపుతున్న ఆవులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అప్పటి నుండి పల్లెల పాలు రైలు మీద లండన్ చేరడం బాగా పెరిగింది. మొదట క్యాన్లలో, 1927 నుండి ట్యాంకు వ్యాగన్లలో వెళ్ళేవి. ఒక్కొక్క వ్యాగనులో 3,000 గ్యాలన్లు, అంటే సుమారు 13,600 లీటర్లు పట్టేవి. మన దేశంలో 1945లో గుజరాత్‌లోని ఆనంద్ నుండి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని బొంబాయికి పాలు పంపడం మొదలైంది. ఆ రవాణా హక్కు ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. పాలు పోసే రైతులకు కొనేవాడు ఆ ఒక్కడే కావడంతో ధర కూడా అతడు చెప్పినదే. రైతులు పాలు పోయడం మానివేసి ఎదురు తిరిగారు. 1946 డిసెంబరు 14న ఖైరా జిల్లా పాల సహకార సంఘం రిజిస్టరయింది. రవాణా ఎవరి చేతిలో ఉంటే బేరం వారి చేతిలో ఉంటుందని ఆ రైతులు తెలుసుకున్నారు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ పాల జిల్లాలను బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరాలతో కలిపినప్పుడు దూర ప్రయాణానికి రైలు ట్యాంకర్లను వాడుకున్నది.

మనకు దగ్గరి ఉదాహరణ రేణిగుంట. అప్పుడు చిత్తూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఈ స్టేషను నుండి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు పాల ట్యాంకర్లను ప్రయాణికుల రైళ్ళకు తగిలించి పంపేవారు. 2020 మార్చిలో కరోనా వల్ల ఆ రైళ్ళు ఆగిపోయాయి. ఢిల్లీకి పాలు ఆగరాదు, ఇక్కడి గేదెలు పాలు ఇవ్వడం ఆపవు. 2020 మార్చి 26 నుండి దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేకంగా పాల రైళ్ళు నడిపింది. వీటికి 'దూధ్ దురంతో' అని పేరు వచ్చింది. ఆ సంవత్సరం జూలై 15 నుండి రోజూ నడిపారు. ఒక్కొక్క ట్యాంకరులో 40,000 లీటర్లు, ఆరు ట్యాంకర్లలో 2 లక్షల 40 వేల లీటర్లు. సుమారు 2,300 కిలోమీటర్ల దూరం దాదాపు ఒకటిన్నర రోజులో చేరేవి. ఇవే పాలు రోడ్డు మీద పంపాలంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు 24 కావాలి. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా పోయినా 57 గంటలు పడుతుంది.

మరి అన్ని పాలూ రైలు మీదనే ఎందుకు పంపరాదు? బ్రిటన్‌లో ఏమి జరిగిందో చూస్తే తెలుస్తుంది. రోడ్లు బాగుపడి, రోడ్డు ట్యాంకరు పొలం దగ్గర పాలు ఎత్తి తిన్నగా డెయిరీలో దించగలిగిన తరువాత, మధ్యలో రైలుకు ఎక్కించి దించే పని దండగ అయింది. 1980 నాటికి అక్కడి పాల రైళ్ళకు కాలం చెల్లింది. అక్కడి దూరాలు చిన్నవి. రైలుకు మూడు షరతులు ఉన్నాయి. దూరం బాగా ఉండాలి. ఒకే చోట ఒకే రోజు ట్యాంకర్లు నిండేటన్ని పాలు ఉండాలి. అవతలి చివర అన్నిటినీ దించుకోగల డెయిరీ ఉండాలి. రేణిగుంటలో మూడూ కుదిరాయి. నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల దూరానికి ఇవి కుదరడం అరుదు. అక్కడ రోడ్డు ట్యాంకరే మేలు.

నీరు తీసి పంపడం

పాల బరువులో ఎక్కువ భాగం నీరని చెప్పుకున్నాము. ఆ నీటిని ఇక్కడే తీసివేస్తే? వెన్న తీసిన పాలు పది పదకొండు లీటర్లకు ఒక కిలో పొడి వస్తుంది. పది టన్నుల పొడి ఉన్న లారీ అంటే లక్ష లీటర్ల వెన్న తీసిన పాలను మోస్తున్నట్లే. చల్లదనం అక్కరలేదు, గంటల లెక్క లేదు. పాలు పొంగివచ్చే చలికాలంలో పొడి, వెన్న చేసి వేసవిలో వాడుకోవడం అందుకే. కాని నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం ఖర్చు అవుతుంది. పొడికి, వెన్నకు వచ్చే ధర ఎప్పుడూ పాల ధరకు సమానంగా ఉండదు. కాబట్టి పాలుగా అమ్మగలిగినంత వరకు పాలుగానే అమ్మి, మిగిలినదానిని పొడిగా మార్చడం లాభదాయకం.

సంఘం చేయవలసిన పని

ఇంతవరకు చూసినదానిని బట్టి, మూడు నాలుగు కిలోమీటర్లకు సైకిలు, మోపెడ్, ట్రాలీ ఆటో. రెండు మూడు గంటలలో ముగిసే రూటుకు క్యాన్ల వాహనం. అంతకన్న ఎక్కువ సేపు పట్టే చోట కూలరు, ట్యాంకరు. వెయ్యి కిలోమీటర్లు దాటిన నగరానికి, పాలు సమృద్ధిగా ఉన్నప్పుడు రైలు. ఒకటి మరొకదానికి పోటీ కాదు. ఒకదాని చివర మరొకటి అందుకోవాలి. రేణిగుంటలో నలభై వేల లీటర్ల ట్యాంకరు నిండిందంటే, దాని వెనుక ఎన్నో ఊళ్ళలో తెల్లవారుజామున బండి సమయానికి క్యాన్లు గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయని అర్థం.

ప్రతి సంఘమూ వచ్చే వారం రోజుల పాటు ఒక పుస్తకంలో పూట పూటకూ నాలుగు అంకెలు రాయవలసిందిగా కోరుతున్నాము. మొదటి సభ్యుడు పాలు పోసిన సమయం, బండి వచ్చిన సమయం, శీతలీకరణ కేంద్రంలో దించిన సమయం, ఎక్కించిన లీటర్లు. వారం చివర కిరాయిని లీటర్లతో భాగించండి. మొదటి సభ్యుడు పోసినప్పటి నుండి దించే వరకు నాలుగు గంటలు దాటుతున్నదేమో చూడండి. దాటుతూ ఉంటే, కూలరు కోసం అడిగే ముందు రూటు తిరగవేయడానికి వీలున్నదేమో, రెండు సంఘాలు ఒకే బండిని కలిసి వాడుకోవచ్చునేమో ఆలోచించండి. అప్పటికీ కుదరకపోతే, చుట్టుపక్కల సంఘాలతో కలిసి కూలరు నిండేటన్ని పాలు చూపగలరో లేదో లెక్క వేయండి. ఆ లెక్క చేతిలో ఉంటే మీ అర్జీకి బలం ఉంటుంది.

పాలు ఆలస్యంగా తెచ్చే సభ్యులకు కూడా ఒక మనవి. ఒకరి కోసం బండి పది నిమిషాలు ఆగితే, అప్పటికే పోసిన వారందరి పాలు ఆ పది నిమిషాలు వేడిలో ఉంటాయి. ఆరు ఊళ్ళలో అలా ఆగితే ఒక గంట. పాలు విరిగినందుకు డ్రైవరును తిట్టడం తేలిక. కాని ఆ గంట తరచుగా మన కేంద్రాల ముందే పోతున్నది. ఈ విషయం రాబోయే పాలక వర్గ సమావేశంలో చర్చకు పెట్టి, సభ్యులందరికీ చదివి వినిపించగలరని ఆశిస్తున్నాము.